ఒకే బరువు, రెండు శరీరాలు: కొవ్వు రహిత బరువు నుంచి రోజువారీ కేలరీల లెక్క

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. వయసు 34, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు. కర్నూలులో బ్యాంకు ఉద్యోగం, వారానికి నాలుగు సాయంత్రాలు జిమ్. ఫోనులోని యాప్ రోజుకు 2,507 కేలరీలు తినమంది. జిమ్‌లోని యంత్రం ఇచ్చిన కాగితం మీద 1,490 అని ఉంది. వాట్సాప్‌లో వచ్చిన డైట్ చార్టు 1,200తో సరిపెట్టుకోమంది. పత్తికొండ దగ్గర సేద్యం చేసే మీ అన్నగారిది కూడా మీ ఎత్తే, మీ బరువే. మీకంటే రెండేళ్లు పెద్ద. పూటకు రెండు ముద్దల సంగటి తిన్నా ఆయన నడుము 82 సెంటీమీటర్ల దగ్గరే ఉంది, మీది 93కు చేరింది. ఏ అంకెను నమ్మాలి, ఆయనకు లేని పొట్ట మీకెందుకు వచ్చింది అన్నది ప్రశ్న.

ముందు ఆ మూడు అంకెల సంగతి తేల్చుకుందాం. 1,490 అన్నది మీరు తినాల్సిన మొత్తం కాదు. రోజంతా మంచం మీద కదలకుండా పడుకున్నా గుండె, మెదడు, కాలేయం, మూత్రపిండాలు పనిచేయడానికి ఖర్చయ్యే శక్తి అది. దాన్నే బీఎంఆర్ అంటారు. జిమ్‌లో ఆ కాగితం చూపించి ‘ఇంతే తినండి’ అని చెప్పారంటే కాగితాన్ని తప్పుగా చదివారన్నమాట. యాప్ ఇచ్చిన 2,507లో బీఎంఆర్ లెక్క ఫరవాలేదు, రోజంతా చేసే కదలిక కోసం దాన్ని హెచ్చించిన గుణకమే పెద్దది. ఇక 1,200 చార్టు ఎవరి శరీరాన్నీ కొలిచి రాసింది కాదు. మీ ఎత్తు, మీ పని ఉన్న మగమనిషి దాన్ని పాటిస్తే మొదటి నెలలోనే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. దయచేసి దాన్ని పక్కన పడేయండి.

యాప్ వాడింది 1990 నాటి మిఫ్లిన్, సెయింట్ జోర్ సమీకరణం. బరువును 10తో, ఎత్తును 6.25తో హెచ్చించి కూడి, అందులోంచి వయసుకు 5 రెట్లు తీసేసి, మగవారికి 5 కలుపుతారు. మీకు 1,617 వస్తుంది, మీ అన్నగారికి 1,607. అంటే ఈ సమీకరణం దృష్టిలో మీరిద్దరూ దాదాపు ఒకే మనిషి, పైగా మీరే కాస్త ఎక్కువ తినొచ్చు. మీ ఇద్దరి నడుములను చూసిన వారెవరూ ఈ మాట ఒప్పుకోరు. తప్పు సమీకరణానిది కాదు. దానికి బరువు తెలుసు కానీ ఆ బరువులో కొవ్వు ఎంతో తెలియదు.

కొవ్వు రహిత బరువు నుంచి లెక్క కట్టే సూత్రం ఇక్కడే అక్కరకొస్తుంది. మొత్తం బరువులోంచి కొవ్వు బరువు తీసేస్తే మిగిలే కండ, ఎముక, అవయవాలు, నీరు అన్నీ కలిపి కొవ్వు రహిత బరువు. దాన్ని కిలోల్లో తీసుకుని 21.6తో హెచ్చించి 370 కలిపితే బీఎంఆర్ వస్తుంది. కాచ్, మెకార్డిల్ పేర్లతో ప్రచారంలో ఉన్నది ఇదే. 1991లో కనింగ్‌హామ్ ప్రచురించిన సమీక్షలో ఉన్నవీ ఇవే అంకెలు. ఆయనదే 1980 నాటి సూత్రం ఒకటుంది: 22తో హెచ్చించి 500 కలపాలి. అది మీకు 150 కేలరీలు ఎక్కువ చూపిస్తుంది. క్రీడాకారులకు దాన్ని ఎక్కువగా వాడతారు, మీకు వద్దు. ఈ సూత్రాల్లో వయసు, స్త్రీ పురుష భేదం కనిపించకపోవడం చూసి చాలామంది అనుమానపడతారు. వయసు పెరిగేకొద్దీ బీఎంఆర్ తగ్గడానికీ, ఆడవారికి తక్కువగా ఉండడానికీ పెద్ద కారణం కొవ్వు రహిత బరువులో తేడాయే. దాన్ని నేరుగా కొలిచాక మిగతావి విడిగా కలపాల్సిన అవసరం చాలావరకు పోతుంది.

కొవ్వు శాతం తెలుసుకోవడానికి టేపు చాలు. అమెరికా నౌకాదళం కోసం 1984లో హాడ్జ్‌డన్, బెకెట్ తయారుచేసిన పద్ధతి ఇది. మగవారైతే బొడ్డు ఎత్తులో నడుము, గొంతు ముడికి కింద మెడ, ఎత్తు కావాలి, అన్నీ సెంటీమీటర్లలో. నడుములోంచి మెడ తీసేసి వచ్చిన అంకెకు లాగ్ (పది ఆధారంగా సంవర్గమానం) తీసి 0.19077తో హెచ్చించండి. ఎత్తుకు లాగ్ తీసి 0.15456తో హెచ్చించండి. 1.0324లోంచి మొదటిది తీసేసి రెండోది కలపండి. వచ్చిన అంకెతో 495ను భాగించి 450 తీసేస్తే మీ కొవ్వు శాతం. ఫోనులోని కాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే లాగ్ మీట కనిపిస్తుంది. మీ నడుము 93, మెడ 37 కాబట్టి మీకు 24.3 శాతం. మీ అన్నగారి నడుము 82, మెడ 38 అని రాశారు కాబట్టి ఆయనకు 15.4.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. ఇళ్లలో ఉండే పాత కుట్టుపని టేపులు ఏళ్ల తరబడి లాగి లాగి సాగిపోయి ఉంటాయి. ఉక్కు టేపు పక్కన పరిచి 100 దగ్గర రెండూ కలుస్తున్నాయో లేదో ముందే చూసుకోండి. సాగిన టేపు నడుమును తక్కువ చేసి చూపిస్తుంది. ఉదయం పరగడుపున, మామూలుగా ఊపిరి వదిలాక, పొట్టను లోపలికి లాగకుండా కొలవాలి. టేపు వెనక వైపు కిందికి జారకుండా ఇంట్లో ఎవరినైనా చూడమనండి. మూడుసార్లు కొలిచి సగటు తీసుకోండి.

ఇప్పుడు లెక్క. 72 కిలోల్లో 24.3 శాతం కొవ్వు పోతే మీకు మిగిలేది 54.5 కిలోలు. 21.6తో హెచ్చించి 370 కలిపితే 1,547. మీ అన్నగారికి 60.9 కిలోలు, బీఎంఆర్ 1,686. ఇద్దరి మధ్య తేడా 139 కేలరీలు.

ఈ 139 దగ్గర కాసేపు ఆగండి, ఎందుకంటే మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. ఆరు కిలోలకు పైగా కండ ఎక్కువ ఉన్న మనిషికి విశ్రాంతిలో అదనంగా ఖర్చయ్యేది రోజుకు ఒక చిన్న గుప్పెడు వేరుశనగ గింజల పాటి శక్తి మాత్రమే. ‘ఒక కిలో కండ పెంచితే రోజుకు వంద కేలరీలు ఊరికే కరిగిపోతాయి’ అని జిమ్‌లలో చెప్పే మాట నిజం కాదు. విశ్రాంతిలో ఉన్న కిలో కండకు రోజుకు అయ్యే ఖర్చు 13 కేలరీల దాకా. కిలో కొవ్వుకు నాలుగున్నర. అదే మెదడుకు కిలోకు 240, కాలేయానికి 200, గుండెకూ మూత్రపిండాలకూ 440 చొప్పున ఖర్చవుతాయి. ఈ అవయవాలన్నీ కలిపి మన బరువులో 5, 6 శాతమే ఉన్నా, విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తిలో సగానికి పైగా వాటికే పోతుంది. సూత్రంలోని 21.6 అన్నది ఒక్క కండ లెక్క కాదు, ఈ అవయవాలు కూడా కలిసిన సగటు. కాబట్టి ఏడాదంతా కష్టపడి మూడు కిలోల కండ పెంచుకున్నా, కూర్చున్న చోట మీకు అదనంగా దక్కేది ఒక చిన్న ఇడ్లీ పాటి శక్తి. కండ పెంచుకోవడానికి ఇంకా ఎన్నో మంచి కారణాలున్నాయి. రక్తంలో చక్కెర అదుపు, ఎముకల బలం, వయసు మీద పడ్డాక కూడా సొంతంగా లేచి తిరగగలగడం. వాటి కోసం తప్పకుండా పెంచుకోండి. అడిగినంత తినడానికి అనుమతి కోసం మాత్రం కాదు.

మరి మీ అన్నగారు అంత తిని ఎలా నిలబడుతున్నారు? కదలిక వల్ల. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ఇచ్చిన ప్రమాణాలు చూడండి. 65 కిలోల మగమనిషికి కూర్చుని చేసే పనైతే 2,110 కేలరీలు, మధ్యస్థ శ్రమకు 2,710, భారీ శ్రమకు 3,470. బీఎంఆర్‌ను 1.4తో, 1.8తో, 2.3తో హెచ్చించి తెచ్చిన అంకెలు ఇవి. అంటే మనిషి మారకుండా పని మారితేనే అవసరం 1,360 కేలరీలు పెరుగుతోంది. మీ అన్నగారి 1,686ను 1.8తో హెచ్చిస్తే 3,035. వేరుశనగ పెరికే రోజుల్లో, టమాటా బుట్టలు మోసే రోజుల్లో 3,500 కూడా దాటవచ్చు. రెండు ముద్దల సంగటి ఆయనకు ఎక్కువేమీ కాదు.

మీ గుణకం ఎంత? యాప్‌లో ‘వారానికి మూడు నుంచి ఐదు రోజులు వ్యాయామం’ అని నొక్కగానే అది 1.55 వేసేసింది. నేను చూసిన కూర్చుని పనిచేసే ఉద్యోగులందరూ నొక్కేది అదే, దాదాపు అందరికీ అది ఎక్కువే. ఇలా లెక్కేయండి. గంటసేపు బరువులు ఎత్తే వ్యాయామంలో నిజంగా బరువు చేతిలో ఉండేది ఇరవై నిమిషాలో ఇరవై ఐదు నిమిషాలో, మిగతాది విరామం. 72 కిలోల మనిషికి ఆ గంటలో కూర్చున్నప్పటి కంటే అదనంగా ఖర్చయ్యేది ఉజ్జాయింపుగా 220 కేలరీలు. వారానికి నాలుగు రోజులంటే 880, రోజుకు పంచితే 125. అది మీ బీఎంఆర్‌లో 8 శాతం. 1.4కు 0.08 కలిపితే 1.48. మీ 1,547ను 1.48తో హెచ్చిస్తే 2,290. బరువు పెరగకుండా, తగ్గకుండా నిలబడడానికి మీకు కావలసిన రోజువారీ శక్తికి నేను వేసే మొదటి అంచనా ఇదే.

మీకూ మీ అన్నగారికీ మధ్య తేడా సుమారు 745 కేలరీలు. అందులో కొవ్వు రహిత బరువు వల్ల వచ్చింది 205 చిల్లర, మిగతా 540 కదలిక వల్ల. ఇక మీ గురించి రాసిన దాంట్లో నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే విషయం. జిమ్‌కు రెండు కిలోమీటర్లు బండి మీద వెళ్లి, అక్కడ ట్రెడ్‌మిల్ మీద పది నిమిషాలు నడిచి, మళ్లీ బండి మీద ఇంటికి వస్తున్నారు. మీ బరువున్న మనిషికి ఒక కిలోమీటరు నడకలో అదనంగా 35 కేలరీల వరకు ఖర్చవుతాయి. రానూపోనూ నాలుగు కిలోమీటర్లంటే 140. మీ అన్నగారి ఒంట్లోని అదనపు కండ విశ్రాంతిలో ఇచ్చే మొత్తం అదే. జిమ్ ఉన్న రోజుల్లోనైనా ఆ బండిని ఇంట్లో వదిలేయండి.

యంత్రం ఉదయం 24 శాతం, సాయంత్రం 28 శాతం చూపించిందని కంగారుపడ్డారు. ఆ యంత్రం ఒంట్లోకి స్వల్ప విద్యుత్తు పంపి నీటి పరిమాణాన్ని అంచనా వేస్తుంది, దాని నుంచి కొవ్వును ఊహిస్తుంది. ఏప్రిల్ ఎండలో చెమటలు కారి, నీళ్లు చాలక వెళ్లి నిలబడితే విద్యుత్తుకు అడ్డు పెరిగి కొవ్వు ఎక్కువ చూపిస్తుంది. వ్యాయామం ముగిసిన వెంటనే తీసిన అంకె అసలు లెక్కలోకి రాదు. అయినా ఈ తేడా విలువ ఎంతో చూడండి. నాలుగు శాతమంటే 2.9 కిలోలు, బీఎంఆర్‌లో 62 కేలరీలు. గుణకం 1.4కు బదులు 1.55 వేస్తే వచ్చే తప్పు 232. జనం మాత్రం కొవ్వు శాతం దగ్గర దశాంశాల కోసం కొట్టుకుంటారు, గుణకాన్ని ఒక్క క్షణంలో నొక్కేస్తారు. టేపు పద్ధతిలోనూ మూడు నాలుగు శాతం అటూ ఇటూ ఉంటుంది. దానికోసం స్కానింగ్‌ల మీద వేలు పోయాల్సిన పనిలేదు.

ఇంకో ప్రశ్న కూడా వేశారు: ఇవన్నీ పరాయి దేశాల్లో తయారైన సూత్రాలు కదా, మనకు సరిపోతాయా? మంచి అనుమానం. బరువు మీద ఆధారపడే అంతర్జాతీయ సమీకరణాలు భారతీయులకు ఎక్కువ చూపిస్తాయని గుర్తించి, ఐసీఎంఆర్ నిపుణుల సంఘం 2010 నివేదికలో బీఎంఆర్‌ను 5 శాతం తగ్గించి లెక్కగట్టింది. 1998లో భారతీయుల, ఆస్ట్రేలియన్ల కొలతలను కలిపి పరిశీలించిన ఒక అధ్యయనంలో, శరీరంలో కొవ్వు ఎంత, మిగతాది ఎంత అన్నది సరిచేసి చూశాక జాతి వల్ల తేడా కనిపించలేదు. అదే బరువుకు మన శరీరాల్లో కొవ్వు పాలు ఎక్కువ, కండ పాలు తక్కువ. కొవ్వు రహిత బరువు నుంచి లెక్క వేస్తే ఆ సర్దుబాటు లెక్కలోనే జరిగిపోతుంది, మళ్లీ 5 శాతం కోయనక్కర్లేదు. ఈ సూత్రాన్ని మనవారికి నేను గట్టిగా సిఫారసు చేయడానికి ప్రధాన కారణం ఇదే.

ఇక తినే వైపు లెక్క. మన వంటలను యాప్‌లో వెతికి ‘ఒక ముద్ద’, ‘ఒక ప్లేటు’ అని నొక్కితే వచ్చే అంకెలకు అర్థం లేదు. సంగటి ముద్ద బరువులో ఎక్కువ భాగం నీరే. వండాక కాదు, వండకముందు తూచాలి. వంద గ్రాముల రాగిపిండిలో 320 కేలరీలు, వంద గ్రాముల బియ్యంలో 356. వంద పిండి, యాభై బియ్యంతో చేసిన సంగటి మొత్తం దాదాపు 500. అది ఎన్ని ముద్దలైందో, మీరు ఎన్ని తిన్నారో చూసుకుంటే చాలు. జొన్న రొట్టెకూ ఇదే దారి, వంద గ్రాముల జొన్నపిండికి 334. ఉగ్గాని చూడడానికి పళ్లెం నిండుగా ఉన్నా బొరుగులు తేలిక. భారమంతా పైన పడే పప్పుల పొడి, పోపు, పక్కన నంజుకునే మిరపకాయ బజ్జీలది.

నూనెను మాత్రం చెంచాలతో కొలవలేరు, నెలతో కొలవండి. లీటరు వేరుశనగ నూనె 910 గ్రాములు, అంటే సుమారు 8,200 కేలరీలు. మీ ఇంట్లో నలుగురికి నెలకు ఐదు లీటర్లు అవుతుందన్నారు. మనిషికి రోజుకు 340 కేలరీలు. ‘నేనేమీ ఎక్కువ తినడం లేదు’ అని మీరు రాసిన మాట నిజమే కావచ్చు, కానీ కంచంలో కనిపించకుండా ఈ 340 రోజూ వస్తోంది. దాన్ని మూడు లీటర్లకు దించితే ఒక్కొక్కరికి 135 తగ్గుతాయి, సంగటి ముద్ద చిన్నది చేయకుండానే. బరువు తగ్గాలనుకునే వారికి నేను ముందుగా చెప్పేది ఇదే, ఎందుకంటే దీన్ని ఇంటిల్లిపాదీ కలిసి పాటించగలరు.

పొట్ట తగ్గడానికి 2,290లోంచి 340 తీసేసి 1,950 దగ్గర మొదలుపెట్టండి. మాంసకృత్తులు కొవ్వు రహిత బరువులో కిలోకు 1.6 నుంచి 2 గ్రాముల చొప్పున, అంటే రోజుకు 90 నుంచి 110 గ్రాములు పెట్టుకోండి. గుడ్డుకు ఆరు, వంద గ్రాముల కందిపప్పుకు 22 దాకా వస్తాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుడిని అడగకుండా ఇంత పెంచకూడదు.

తర్వాత తీర్పు తూకానిది. రోజూ ఉదయం కాలకృత్యాలు తీర్చుకున్నాక, ఏమీ తాగకముందు, ఒకే యంత్రం మీద తూగి రాసుకోండి. ఒక రోజుతో ఇంకో రోజును పోల్చకండి, వారం సగటుతో వారం సగటును పోల్చండి. పెళ్లి భోజనం మరుసటి రోజు కిలో పెరగడం ఉప్పు వల్ల నిలిచిన నీరే. మొదటి వారం తగ్గుదలలో కూడా నీరే ఎక్కువ, దాన్ని వదిలేయండి. రెండో వారం సగటు 71.4, ఆరో వారం సగటు 70.4 అనుకుందాం. 28 రోజుల్లో ఒక కిలో. కిలో కొవ్వుకు 7,700 కేలరీలు కాబట్టి రోజుకు 275 లోటు పడింది. మీరు తిన్నది 1,950 కాబట్టి మీ అసలు అవసరం 2,225. ఇకపై 2,290 మరిచిపోండి, మీ శరీరం చూపించిన అంకె ఇది. మీ కొలతల్లో, నూనె లెక్కలో, గుణకంలో ఉన్న పొరపాట్లన్నీ ఇందులో సర్దుకుపోయాయి. నాలుగు కిలోలు తగ్గాక టేపు, తూకం రెండూ మళ్లీ తీసి లెక్క కొత్తగా వేసుకోండి.

మీ శ్రీమతి గురించి చివర్లో ఒక్క వాక్యం రాశారు, దానికీ చెబుతాను. ఆడవారికి టేపు సూత్రం వేరు. నడుమును సన్నగా ఉన్నచోట, పిరుదులను వెడల్పుగా ఉన్నచోట కొలిచి రెండూ కూడి మెడ తీసేయాలి. దాని లాగ్‌ను 0.35004తో, ఎత్తు లాగ్‌ను 0.22100తో హెచ్చించి, 1.29579లోంచి మొదటిది తీసేసి రెండోది కలపాలి. తర్వాతి భాగాహారం ఒకటే. ఉదాహరణకు 60 కిలోలు, 34 శాతం కొవ్వు వస్తే కొవ్వు రహిత బరువు 39.6, బీఎంఆర్ 1,225. గుణకం 1.4 అయితే 1,715. బట్టలు చేత్తో ఉతకడం, బిందెలతో నీళ్లు మోయడం ఆవిడ పనే అయితే 1.5 కంటే తక్కువ వేయకండి. పాపకు ఇంకా ఆరు నెలలు నిండలేదన్నారు కాబట్టి ఆవిడ ఇప్పుడు బరువు తగ్గే లెక్కలో ఉండకూడదు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600, తర్వాతి ఆరు నెలలు 520 కేలరీలు అదనంగా కావాలని 2020 ప్రమాణాలు చెబుతున్నాయి. మీరిద్దరూ ఒకే డైట్ చార్టు పాటిస్తున్నామని రాశారు. ఆవిడ విషయంలో దాన్ని ఈ పూటే ఆపేయండి.